ఇంగ్లీషు 'దేర్'ని నార్వే భాషలో ఎలా చెప్పాలి: మన అక్కడ, అక్కడికి, అదిగో ఉంటే చాలు

ఇంగ్లీషులో "దేర్ ఈజ్ నోబడీ దేర్" అంటారు కదా. దాన్నే నార్వే భాషలో "దె ఎర్ ఇంగెన్ ద్యార్" అంటారు. మొదట్లో ఉన్న దేర్ 'దె' అయింది, చివర్లో ఉన్నది 'ద్యార్' అయింది. "లెట్స్ గో దేర్" అన్నారనుకోండి, అక్కడ ఇంకో మాట వస్తుంది, 'దీత్'. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఈ మూడూ టెన్షన్ పెడతాయి. ఏ దేర్‌కి ఏది పెట్టాలో ఇంగ్లీషు వాక్యం ఎంతసేపు చూసినా తెలియదు మరి.

అవే వాక్యాలు తెలుగులో చెప్పి చూడండి. "అక్కడ ఎవరూ లేరు." "అక్కడికి పోదాం." ఒకదానికి 'కి' లేదు, ఇంకోదానికి ఉంది. మన ఇళ్లల్లో మాటలు నేర్చుకుంటున్న పిల్లలు కూడా ఈ 'కి' దగ్గర తడబడరు. నార్వే వాళ్లు ద్యార్‌కి, దీత్‌కి మధ్య పాటించే తేడా అచ్చంగా ఇదే.

మా ఆయన ఉద్యోగం వల్ల నేను కొన్నేళ్లు ఓస్లోలో ఉన్నాను. ఇప్పుడు హనుమకొండలో సాయంత్రం పూట నార్వే భాష నేర్పుతున్నాను. నర్సింగ్ చేసిన అమ్మాయిలు, పై చదువులకి వెళ్లేవాళ్లు, పెళ్లయి భర్త దగ్గరికి వెళ్లబోయేవాళ్లు వస్తుంటారు. మాకు దొరికే పాఠ్యపుస్తకాలు ఇంగ్లీషులోనే వివరిస్తాయి. దాంతో పరకాల నుంచో నర్సంపేట నుంచో వచ్చే పిల్లలు "మాకు ఇంగ్లీషే సక్కగ రాదు మేడం, నార్వే భాష ఎట్లొస్తది" అంటూ వెనక కూర్చుంటారు. అందుకే ఈ పాఠం మొదట్లోనే చెప్తాను. ఈ ఒక్క విషయంలో ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్ల కన్నా ఇంట్లో, వీధిలో తెలుగు మాట్లాడుకునేవాళ్లకే దారి దగ్గర. వాళ్ల మొహాల్లో ఆ ధైర్యం రావడం నాకు చాలా ముఖ్యం.

ముందు పలకడం సరిచేసుకుందాం. నార్వే భాషలో డి అంటే మన 'ద', టి అంటే మన 'త'. ద్యార్ అనే మాటని డి-ఇ-ఆర్ అని రాస్తారు. బ్యాంకు అనేటప్పుడు నోరు ఎంత తెరుస్తామో అంత తెరిచి పలకాలి. 'దేర్' అని ఇంగ్లీషు యాసలో లాగకండి. దీత్‌ని డి-ఐ-టి అని రాస్తారు, దీర్ఘం తప్పనిసరి. చివర ఇంకో టి చేరిస్తే అది 'దిత్' అవుతుంది, దానికి అర్థం 'నీ'. "దిత్ హూస్" అంటే నీ ఇల్లు. చివర హల్లు రెండుసార్లు రాస్తే ముందున్న అచ్చు పొట్టిదని లెక్క. హ్రస్వానికీ దీర్ఘానికీ మనకి వేరే అక్షరాలే ఉన్నాయి కాబట్టి ఈ తేడా చెవికి ఇట్టే పడుతుంది. ఇక 'దె' అనేదాన్ని డి-ఇ-టి అని రాస్తారు, ఆ టి మాత్రం పలకరు. 'ఎర్' అంటే ఉంది, ఉన్నారు. దీన్ని కూడా నోరు బాగా తెరిచే అనాలి.

ఇప్పుడు అసలు పద్ధతి. దేర్ ఉన్న ఇంగ్లీషు వాక్యం ఎదురైతే దాన్ని ముందు తెలుగులో అనుకోండి. పుస్తకాల తెలుగు అక్కర్లేదు, ఇంట్లో ఎట్లా అంటారో అట్లానే. నేనైతే పిల్లల్ని మన ఓరుగల్లు మాటల్లోనే అనమంటాను: ఆడ, ఆడికి, ఆడికెళ్లి. ఆడ ఉంటడు, ఆడికి పోతడు, ఆడికెళ్లి వస్తడు. నార్వే భాషలో ఇవే వరుసగా ద్యార్, దీత్, ద్యార్‌ఫ్రా. మన 'కెళ్లి' వింటే వేరే జిల్లాల వాళ్లకి 'అక్కడికి వెళ్లి' అన్నట్టు తోస్తుంది. మనకి మాత్రం అది 'అక్కడి నుంచి'. ఈడకి కూడా ఇలాగే మూడున్నాయి: హ్యార్, హీత్, హ్యార్‌ఫ్రా. ఈడ, ఈడికి, ఈడికెళ్లి.

వాక్యాల్లో చూద్దాం. "యై బూర్ ద్యార్" అంటే నేను అక్కడ ఉంటాను. "యై యొబ్బర్ ద్యార్" అంటే అక్కడ పనిచేస్తాను. "యై ద్రార్ దీత్" అంటే అక్కడికి వెళ్తాను. "కొమ్ హీత్" అంటే ఇటు రా. చాలా పుస్తకాలు ఇక్కడ "కదలిక ఉంటే దీత్, కదలిక లేకపోతే ద్యార్" అని సూత్రం ఇచ్చి ఊరుకుంటాయి. సూత్రం తప్పేం కాదు, కానీ కదలిక కనిపించని వాక్యాల దగ్గర అది చేతులెత్తేస్తుంది. "అక్కడికి ఎంత దూరం?" అనే ప్రశ్నలో ఎవరూ కదలడం లేదు. అయినా నార్వే వాళ్లు "వుర్ లంగ్త్ ఎర్ దె దీత్?" అనే అంటారు. "అక్కడికి దారి" అనాలంటే "వైయెన్ దీత్". "అక్కడికి ఫోన్ చేశాను" అంటే "యై రింగ్తె దీత్". ఫోన్ చేసినవాడు కుర్చీలోంచి లేవలేదు, ఐనా దీత్ వచ్చింది. కదలిక సూత్రం పట్టుకున్నవాళ్లు ఇక్కడ ఆలోచనలో పడతారు. తెలుగు పట్టుకున్నవాళ్లకి 'కి' వినబడింది కాబట్టి దీత్ రాసేసి ముందుకి పోతారు.

దీనికి తిరగేసి ఇంకొకటి ఉంది. "పుస్తకం అక్కడ పెట్టు." పుస్తకం చేతిలోంచి టేబుల్ మీదికి కదిలింది. అయినా మనం "అక్కడికి పెట్టు" అనం. నార్వే వాళ్లూ అంతే, "లెగ్ బూకా ద్యార్" అంటారు. "అక్కడ కూర్చో" అంటే "సెత్ దై ద్యార్". నిలబడ్డవాడు కూర్చోవడం కదలికే కదా, మరి దీత్ ఎందుకు రాలేదని తర్కం తీయొద్దు. తెలుగులో 'కి' రాలేదు, అంతే. రెండు దేశాల మధ్య ఎంత దూరం ఉన్నా ఇంత చిన్న సంగతిలో రెండు భాషలూ ఇలా కలవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగా, సంతోషంగా ఉంటుంది.

క్రియ లేకుండా మాట్లాడే అలవాటు కూడా కలుస్తుంది. బస్టాండులో ఎవరైనా "ములుగుకి పోతున్నా" అంటే మనం "నేను గూడ ఆడికే" అంటాం, 'పోతున్నా' అని మళ్లీ చెప్పం. నార్వే వాళ్లు "యై స్కల్ దీత్" అంటారు. స్కల్ అంటే చేయబోతున్నాను అని అర్థం, వెళ్లడం అనే క్రియ అందులో లేదు. దీత్ ఉంది కాబట్టి వెళ్లడమే అని అర్థమైపోతుంది.

ఇక 'దె' సంగతి. దీని దగ్గరే ఎక్కువ మార్కులు పోతాయి కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ఇంగ్లీషులో "దేర్ ఈజ్ ఎ బుక్ ఆన్ ద టేబుల్" అంటారు. మనం "టేబుల్ మీద పుస్తకం ఉంది" అంటాం. ఆ దేర్ మన వాక్యంలో లేదు, చూడండి. తెలుగులోకి రాగానే ఎగిరిపోయే దేర్‌కి నార్వే భాషలో 'దె' పెట్టాలి: "దె ఎర్ ఎన్ బూక్ పో బూరె." తెలుగులో 'అక్కడ'గా నిలబడే దేర్‌కి మాత్రమే ద్యార్. మొదటి వాక్యం గుర్తుందా, "దేర్ ఈజ్ నోబడీ దేర్"? తెలుగులో "అక్కడ ఎవరూ లేరు". దేర్‌లు రెండు, అక్కడ ఒకటే. మిగిలింది ద్యార్, పోయింది దె. ప్రశ్న అడిగేటప్పుడు ఎర్ ముందుకి వస్తుంది: "ఎర్ దె ఎత్ అపుతేక్ హ్యార్?" అంటే ఇక్కడ మందుల షాపు ఉందా?

డెన్మార్క్ వాళ్లు ఈ వాక్యాన్ని డి-ఇ-ఆర్ తోనే మొదలుపెడతారు. 1814 దాకా నార్వే డెన్మార్క్ రాజుల కింద ఉండేది, రాత భాష కూడా డానిష్. అందుకే నార్వే వాళ్ల పాత పుస్తకాల్లో కూడా ఆ పద్ధతి కనిపిస్తుంది. ఇవాళ పరీక్షలో, ఆఫీసులో, ఎక్కువమంది రాసే బూక్‌మోల్ అనే రాత భాషలో మీరు 'దె ఎర్' అనే రాయండి.

మన 'ఉంది' అన్నిటికీ సరిపోతుంది. నార్వే వాళ్లకి అలా సరిపోదు. వస్తువు ఏ తీరుగా ఉందో కూడా చెప్పడం వాళ్ల అలవాటు. నా టేబుల్ మీద ఎప్పుడూ ఒక స్టీలు గ్లాసు, ఒక పెన్ను పెట్టుకుంటాను. గ్లాసు నిలబెట్టి ఉంటే "దె స్తోర్ ఎత్ గ్లస్ పో బూరె", అంటే టేబుల్ మీద గ్లాసు 'నిలబడి' ఉంది. దాన్నే పక్కకి పడుకోబెడితే "దె లిగ్గర్ ఎత్ గ్లస్ పో బూరె" అవుతుంది. టేబుల్ మీద పెట్టిన పెన్ను లిగ్గర్. కొక్కేనికి తగిలించిన జాకెట్టు అయితే హెంగర్, వేలాడుతోంది. ఇంతవరకు ఊహించొచ్చు. పళ్లెం దగ్గరే అందరూ ఆగిపోతారు. అది పరుచుకుని ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ నార్వే వాళ్ల లెక్కలో అడుగు మీద 'నిలబడి' ఉంది: "దె స్తోర్ ఎన్ తల్లర్కెన్ పో బూరె." పేపర్లో వచ్చిన వార్త కూడా నిలబడే ఉంటుంది: "దె స్తోర్ ఈ అవీసా" అంటే పేపర్లో రాసి ఉంది. ఊళ్లు మాత్రం పడుకునే ఉంటాయి: "వరంగల్ లిగ్గర్ ఈ తెలంగాణ." ఇది ఒక రోజులో రాదు. మొదట్లో అన్నిటికీ 'దె ఎర్' వాడండి, అర్థమవుతుంది. వంటింట్లో గిన్నెలు సర్దేటప్పుడు ఒక్కో గిన్నె పేరు పక్కన స్తోర్, లిగ్గర్ అనుకుంటూ ఉంటే మెల్లగా అలవాటవుతుంది.

వేలు చూపించి చెప్పే దేర్ వేరు. "అదిగో బస్సు వస్తోంది!" ఇక్కడ ద్యార్ వాక్యం మొదట్లోకి వస్తుంది: "ద్యార్ కొమ్మర్ బుస్సెన్!" "అదిగో వాడు" అంటే "ద్యార్ ఎర్ హన్". "ఇదిగో టికెట్" అంటే "హ్యార్ ఎర్ బిలెత్తెన్". ద్యార్ ముందుకి రాగానే క్రియ రెండో చోటికి వచ్చి, బస్సు దాని తర్వాత నిలబడుతుంది. "ద్యార్ బుస్సెన్ కొమ్మర్" అనకూడదు. తెలుగులో మాటలు అటూ ఇటూ మార్చినా నడిచిపోతుంది కాబట్టి ఈ క్రమం మనకి కొత్త, ఇది మాత్రం కసరత్తు చేయాల్సిందే. ఇంకో ఆనవాలు కూడా గుర్తుపెట్టుకోండి. 'ఒక పుస్తకం' అయితే దె ఎర్ ఎన్ బూక్. మనిద్దరికీ తెలిసిన 'ఆ పుస్తకం' దొరికితే ద్యార్ ఎర్ బూకా, అంటే అదిగో పుస్తకం.

వినేటప్పుడు ఒక చిక్కు ఉంది. గబగబా మాట్లాడితే 'దె ఎర్' రెండూ కలిసిపోయి ద్యార్ లాగే వినిపిస్తాయి. అలాంటప్పుడు తర్వాత ఏం వచ్చిందో పట్టుకోండి. ఆ వెంటనే 'ఒక' అనే అర్థంలో వచ్చే 'ఎన్', 'ఎత్' లాంటివో, చల్లగా, వేడిగా లాంటి మాటో వస్తే అది దె ఎర్. వాక్యం చివర ఊతతో పలికితే ద్యార్. "దె ఎర్ కల్త్ ద్యార్" అంటే అక్కడ చలిగా ఉంది. ఈ ఒక్క వాక్యాన్ని గట్టిగా, మెల్లగా, వేగంగా పలికి చూస్తే రెండిటి తేడా తెలిసిపోతుంది.

ద్యార్, దీత్ పట్టుబడితే ఇలాంటి జతలు ఇంకొన్ని ఉచితంగా వచ్చేస్తాయి. లోపల ఇన్నె, లోపలికి ఇన్. బయట ఊతె, బయటికి ఊత్. పైన ఒప్పె, పైకి ఒప్. ఇంట్లో యెమ్మె, ఇంటికి యెమ్. మనకి 'కి' చేరితే మాట పొడుగవుతుంది. వాళ్లకి ఉన్నచోట చెప్పే మాట పొడుగు, వెళ్లేచోట చెప్పేది పొట్టి. డ్యూటీ దిగుతూ "యై స్కల్ యెమ్" అంటే ఇంటికి పోతున్నా. ఫోన్లో "యై ఎర్ యెమ్మె" అంటే ఇంట్లో ఉన్నా. ఇంగ్లీషు 'హోమ్' పట్టుకుని కూర్చుంటే ఈ రెండూ విడదీయలేరు.

తెలుగు సాయం చేయని చోట్లు కూడా చెప్పాలి. ముందుగా 'ఎక్కడ'. మనకి ఏడ, ఏడికి అని రెండున్నాయి. వాళ్లకి రెండింటికీ 'వుర్' ఒక్కటే. "వుర్ బూర్ దూ?" ఏడ ఉంటవ్? "వుర్ స్కల్ దూ?" ఏడికి పోతున్నవ్? రెండోదానికి చివర 'హెన్' చేర్చి "వుర్ స్కల్ దూ హెన్?" అని కూడా అంటారు, అప్పుడు 'కి' ఉన్నట్టే.

రెండోది, "నేను ఉండే ఇల్లు" లాంటి మాటలు. ఇందులో మనకి అక్కడా లేదు, ఎక్కడా లేదు. ఇంగ్లీషులో 'వేర్' ఉంది. నార్వే వాళ్లు మాత్రం ద్యార్ పెడతారు: "హూసె ద్యార్ యై బూర్." వుర్ పెట్టి రాసేవాళ్లూ ఉన్నారు, తప్పు కాదు. ద్యార్ ఐతే చెవికి ఇంపుగా ఉంటుంది, నేను దాన్నే నేర్పుతాను.

ఫోన్ మధ్యలో శబ్దం ఆగిపోతే మనం "ఉన్నారా?" అంటాం. వాళ్లు "ఎర్ దూ ద్యార్?" అంటారు. తెలుగులో ఎగిరిపోయినా అక్కడ ద్యారే ఉంటుంది, ఇది వాడుకగా పట్టుకోవాలి. ఇంకోటి, "ఇటు రా" అనడానికి మామూలు మాటల్లో "కొమ్ హ్యార్" అనేవాళ్లు నార్వేలో చాలామంది ఉన్నారు. విని కంగారు పడకండి, మీరు రాసేటప్పుడు హీత్ రాయండి.

అసలు దేర్‌తో సంబంధమే లేకుండా పోయేవి కొన్ని ఉన్నాయి. తలుపు కొడితే ఇంగ్లీషువాడు "హూ ఈజ్ దేర్?" అంటాడు. మనం "ఎవరది?" అంటాం. నార్వే వాళ్లు "వెమ్ ఎర్ దె?" అంటారు, అదీ ఎవరదే. వస్తువు చేతికిస్తూ "ఇదిగోండి" అనడానికి "వ్యాషొగూ". ప్రయాణంలో పిల్లలు "ఇంకా రాలేదా?" అని గోల చేస్తే అక్కడ "ఎర్ వీ స్నాట్ ఫ్రమ్మె?" ఫ్రమ్మె అంటే చేరుకుని ఉండటం. అక్కడక్కడా అంటే "హ్యార్ ఒ ద్యార్". ఇటూ అటూ తిరగడం అయితే "హీత్ ఒ దీత్".

నాలుగు వాక్యాలు ఇస్తాను, చూడకుండా చేసి ఆ తర్వాత సరిచూసుకోండి. మా అక్క కాజీపేటలో ఉంటుంది, రేపు అక్కడికి పోతున్నా. స్టేషన్ దగ్గర మందుల షాపు ఉందా? అదిగో రైలొస్తోంది. రామప్ప చూశారా? ఆ, పోయినేడు పోయినం.

మొదటిదానికి "సొస్తెరెన్ మిన్ బూర్ ఈ కాజీపేట. యై స్కల్ దీత్ ఈ మోర్న్." రెండోదాంట్లో 'అక్కడ' లేదు కాబట్టి దె: "ఎర్ దె ఎత్ అపుతేక్ వే స్తషూనెన్?" మూడోది వేలు చూపించేది: "ద్యార్ కొమ్మర్ తోగె!" నాలుగోది కావాలనే ఇచ్చాను. "పోయినం" అనగానే మనసు దీత్ వైపు పరిగెడుతుంది. పాలంపేట దాకా పోయిన ప్రయాణం గురించే చెప్పాలనుకుంటే "వీ ద్రూ దీత్ ఈ ఫ్యూర్" సరైనదే. కానీ చూశారా అని అడిగినప్పుడు నార్వే వాళ్లు "యా, వీ వార్ ద్యార్ ఈ ఫ్యూర్" అనడానికే మొగ్గు చూపుతారు. ఆ, పోయినేడు అక్కడ 'ఉన్నాం' అని. "ఎప్పుడైనా అక్కడికి వెళ్లారా?" అనే ప్రశ్న కూడా అంతే: "హార్ దూ వ్యాట్ ద్యార్?" వ్యాట్ అనే మాటలో ఆర్, టి పక్కపక్కన పడ్డాయి, ఓస్లో వైపు ఆ రెండూ కలిస్తే మన 'ట' అవుతుంది. బెర్గెన్ వైపు అలా కలవవు. మనం పోవడం చెప్పి చూశామని తెలియజేస్తాం, వాళ్లు ఉండటం చెప్పి వెళ్లామని తెలియజేస్తారు. కాబట్టి ఊరు చూసొచ్చిన సంగతి చెప్పేటప్పుడు మాత్రం తెలుగులో 'కి' వినబడినా ఒక్క క్షణం ఆగి, వార్, వ్యాట్ వాడుతున్నారా చూసుకోండి. వాడుతుంటే ద్యార్ రాయండి.